జ్వాలాపురం బూడిద, వజ్రకరూరు గొట్టాలు

బనగానపల్లె దగ్గర జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే ఊరు ఉంది. అక్కడ నేలను లోతుగా తవ్వుతూ పోతే మట్టి పొరల మధ్య తెల్లటి, మెత్తటి పొర ఒకటి బయటపడుతుంది. కొన్నిచోట్ల దాని మందం రెండు మీటర్లు దాటుతుంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద అది. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి మన సీమ మీద పడింది. చుట్టుపక్కల గుట్టల మీద పడిందంతా వానలకు కొట్టుకొచ్చి లోయలో చేరడం వల్లే ఇక్కడ అంత మందంగా పేరుకుంది.

బూడిద అంటున్నాం గానీ, అది ఏదో కాలితే మిగిలింది కాదు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే సన్నని గాజు పెంకులు కనిపిస్తాయి. చాలా పెంకుల అంచులు వంపు తిరిగి ఉంటాయి. ఒకప్పుడు కరిగిన రాతిలో ఉబ్బిన వాయు బుడగల గోడలవి. బుడగలు పగిలిపోయాయి, వాటి గోడల ముక్కలు గాజుగా గడ్డకట్టి ఇంత దూరం వచ్చాయి. అగ్నిపర్వతం అనగానే మనకు మంటలే గుర్తుకొస్తాయి. కొండను చీల్చే బలం మాత్రం ఈ బుడగల్లోని వాయువుదే.

భూమి పైపొర కింద అంతా లావా సముద్రమే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కింద ఉన్న మాంటిల్ పొర దాదాపు అంతా గట్టి రాయే. వేడి విపరీతంగా ఉన్నా, పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ఆ రాయి పైకి జరిగి ఒత్తిడి తగ్గినా, దానిలోకి నీరు చేరినా కొంత భాగం కరుగుతుంది. సుమత్రా దగ్గర జరిగేది రెండోది. అక్కడ హిందూ మహాసముద్రపు అడుగు నేల దీవి కిందకు దూరిపోతోంది. లోతుకు వెళ్లేకొద్దీ అది తనలోని నీటిని వదులుతుంది. ఆ నీరు తగిలిన రాయి మామూలుకన్నా తక్కువ వేడికే కరుగుతుంది. కరిగింది తేలిక కాబట్టి పైకి పాకుతుంది. దారిలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) శాతం పెరిగి బాగా చిక్కబడుతుంది.

లోతులో ఉన్నంతసేపూ నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఆ ద్రవంలో కరిగే ఉంటాయి. పైకొచ్చి ఒత్తిడి తగ్గగానే, గోలీ నొక్కిన సోడాలో లాగా బుడగలు కట్టి బయటికి తన్నుకొస్తాయి. ద్రవం పల్చగా ఉంటే వాయువు సులువుగా తప్పించుకుంటుంది, లావా పారుతుంది. హవాయి దీవుల్లో ఎక్కువగా చూసేది ఇదే. చిక్కటి ద్రవంలో మాత్రం బుడగలు ఇరుక్కుపోతాయి, ఉబ్బుతాయి, చివరికి ద్రవాన్నే తునాతునకలు చేస్తాయి. తోబాలో అలా బయటపడిన శిలాద్రవం సుమారు 2,800 ఘన కిలోమీటర్లు ఉంటుందని ఒక అంచనా. లోపల ఖాళీ కావడంతో పైకప్పు కూలిపోయింది. ఆ గుంతలోనే ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవైన తోబా సరస్సు ఉంది.

ఆ దెబ్బకు మనుషులు దాదాపు అంతరించిపోయారని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. జ్వాలాపురం తవ్వకాలు ఆ వాదాన్ని గట్టిగా ప్రశ్నించాయి. బూడిద పొర కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరులో ఉన్నాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఆకాశం నుంచి గాజు పొడి రాలిన తర్వాత కూడా ఆ వాగు పక్కన ఎవరో కూర్చుని రాయి చెక్కారన్నమాట. ప్రపంచ శాస్త్ర చర్చలో ఇంత బరువైన సాక్ష్యం మన పల్లెలో ఉంది. సీమ పిల్లలకు బడిలో ముందు చెప్పాల్సిన సంగతుల్లో ఇదొకటని నా అభిప్రాయం.

తోబా బూడిద బయటినుంచి వచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో మాత్రం మన నేలే పేలింది, దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట. అక్కడి కింబర్లైట్ అనే అగ్నిశిల 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి వచ్చింది. అక్కడ కూడా తోసింది వాయువే, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్. దారిలో ఉన్న వజ్రాలను అది తనతో మోసుకొచ్చింది. నిదానంగా వచ్చి ఉంటే ఆ వజ్రాలు గ్రాఫైట్‌గా మారిపోయేవి. అందుకే ఆ ప్రయాణం గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో ముగిసి ఉంటుందని లెక్క వేస్తున్నారు. పైన ఏర్పడ్డ బిలం ఎప్పుడో అరిగిపోయింది. ఆ రాయి పైకొచ్చిన దారులు, అంటే కింది గొట్టాలు మాత్రం మిగిలాయి. వాటినుంచి ఊడిన వజ్రాలు మట్టిలోకి, వాగుల్లోకి చేరాయి. తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని వెతికేది వజ్రాలనే.

మరి సీమలో మళ్లీ అగ్నిపర్వతం పుడుతుందా అని అడిగేవాళ్లుంటారు. ఆ టెన్షన్ అక్కర్లేదు. భూమి పైపొర ఫలకాలనే పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది; మనం వాటి అంచులకు చాలా దూరంగా, పాత గట్టి నేల మీద ఉన్నాం. దేశంలో ఇప్పుడు రగులుతున్నది అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే. సుమత్రా వరుసకే చెందిన ఆ అగ్నిపర్వతం చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది.