ఒకటి వెన్నెల చూస్తుంది, ఒకటి రాత్రి పొడవు కొలుస్తుంది

రాత్రి కోతి, వాలబీ (కంగారూ కుటుంబంలోని చిన్న జంతువు) రెండూ చీకట్లో తిరిగేవే కదా, ఇంకేం పోల్చాలి? గుంటూరు ఇంటర్ విద్యార్థి ఒకరి ప్రశ్న ఇది. తిరగడం సంగతి పక్కన పెట్టి, చీకటిని ఏది ఎలా కొలుస్తుందో చూస్తే అసలు తమాషా తెలుస్తుంది.

రాత్రి కోతి దక్షిణ అమెరికాది, బరువు కిలో పైచిలుకు. దాని పూర్వీకులు పగలు తిరిగినవే, అందుకే పిల్లికీ ఆవుకీ ఉన్నట్టు కంటి వెనక మెరిసే పొర దీనికి లేదు. ఆ లోటు కొంత గుడ్లగూబ లాంటి పెద్ద కళ్లు తీరుస్తాయి. అయినా కటిక చీకట్లో చాలవు. అర్జెంటీనా అడవుల్లోని అజారా జాతి పున్నమి రాత్రి బాగా తిరుగుతుంది. అమావాస్యకి దాదాపు కదలదు, ఆ బాకీ పగలు తీర్చుకుంటుంది. చంద్రగ్రహణం పట్టినా ఆగిపోతుంది. దోషం భయం కాదు, కొమ్మ కనపడకపోతే దూకేదెలా!

ఆస్ట్రేలియాలోని టామర్ వాలబీ రాత్రి పొడవునే పంచాంగంగా వాడుకుంటుంది. జనవరి చివర్లో ఈనుతుంది. పిల్ల బరువు 0.4 గ్రాములు, అంటే పాతిక ముప్పై సాంబమసూరి వడ్ల గింజలంత. గంటల్లోనే మళ్లీ జతకడుతుంది. కొత్త పిండం వంద కణాల దాకా పెరిగి ఆగిపోతుంది. సంచిలో పిల్ల పాలు తాగుతున్నంతకాలం ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్, అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే కార్పస్ లూటియం అనే ముద్దని అణచి ఉంచుతుంది, దాంతో గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టెరాన్ పెరగదు, పిండం కదలదు. జూన్ తర్వాత పిల్ల పాలు తాగడం మానేసినా పిండం కదలదు. రోజూ తెల్లవారుజామున ఒక్కసారి ఎగసే ప్రొలాక్టినే ఆ తాళాన్ని కాపాడుతుంది.

తాళం తీసేది డిసెంబర్ 22. అక్కడ అది వేసవి నడిమధ్య. రాత్రులు పెరగడం మొదలవగానే మెదడులోని పీనియల్ గ్రంథి చీకట్లో ఊరే హార్మోన్ మెలటోనిన్‌ని ఎక్కువసేపు వదులుతుంది. తెల్లవారుజామున ప్రొలాక్టిన్ ఎగయడం ఆగిపోతుంది. పిండం నిద్రలేచి నెల లోపే పుడుతుంది. ప్రయోగశాలలో 15 గంటల వెలుగును 12కి తగ్గించినా ఇదే జరుగుతుంది. (మన పంచాంగంలో ఉత్తరాయణం సంక్రాంతికి. సూర్యుడు నిజంగా మళ్లేది మూడు వారాల ముందే.)

విజయవాడలో అయితే ఈ గడియారానికి పట్టు తక్కువ. అతి పొడవు పగటికీ అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలే. టామర్లుండే కంగారూ ద్వీపంలో దాదాపు ఐదు.

గడియారం చెడేది దీపాలతో. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గార్డెన్ దీవిలో నౌకాదళ స్థావరం లైట్ల దగ్గర మేసే వాలబీల్లో మెలటోనిన్ తగ్గింది. చీకట్లో మేసే వాటికంటే అవి నెల ఆలస్యంగా ఈనాయి.