వెలుతురు పడ్డచోటే ముళ్లు: లామింగ్టన్ వర్షారణ్యంలో బాట లేని నడక

చదునైన కాలిబాట మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి, లామింగ్టన్ పీఠభూమిలో బాట వదిలి అడవిలోకి దిగాక గంటకు ఒక్క కిలోమీటరు సాగడమే గగనం. ముళ్ల తీగలు అల్లుకున్న చోట రెండు మూడు వందల మీటర్లు దాటినా గొప్పే. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌కు దక్షిణాన, క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్న ఈ కొండలు మహా అయితే 1,200 మీటర్లు. హిమాలయాల్లో ట్రెక్కింగ్ చేసొచ్చినవాళ్లకు ఆ అంకె చూస్తే నవ్వొస్తుంది. బ్రిస్బేన్ తెలుగువాళ్లు ఓ'రైలీస్ అనే విడిది దాకా కారులో వెళ్లి, చెట్ల కొమ్మల మీదుగా కట్టిన వంతెన ఎక్కి, సాయంత్రానికి ఇంటికి చేరే అడవి కూడా ఇదే. అదే అడవిలో, ఆ వంతెన నుంచి కొన్ని గంటల నడక దూరంలో, ఒక రాత్రి గడిపి రావాలంటే మాత్రం లెక్కలు వేరు. మనిషిని ఆపేది అక్కడి మొక్కలు. ఏ మొక్క ఎక్కడ అడ్డుపడుతుందో చాలావరకు తేల్చేది వెలుతురు.

ముదిరిన వర్షారణ్యంలో పైన ఆకుల కప్పు మూసుకుపోయి ఉంటుంది. సూర్యకాంతిలో నూటికి ఒకటి రెండు వంతులే నేలకు దిగుతుంది. ఆ చీకట్లో చిన్న మొక్కలు బతకలేవు కాబట్టి కింద రాలిన ఆకులు, వేళ్లు, అక్కడక్కడ ఫెర్న్‌లు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. 900 మీటర్లు దాటాక కనిపించే అంటార్కిటిక్ బీచ్ చెట్ల కింద అయితే దాదాపు తోటలో నడిచినట్టే నడవచ్చు. ఒక పెద్ద చెట్టు కూలిందంటే మాత్రం పరిస్థితి తారుమారవుతుంది. పడిన వెలుతురు కోసం ముళ్ల తీగలు, అడవి రాస్ప్‌బెర్రీ, కుట్టే చెట్లు పోటీపడి లేస్తాయి. 2025 మార్చిలో ఆల్‌ఫ్రెడ్ తుపాను ఇక్కడ చెట్లను కూల్చి ఇలాంటి ఖాళీలను తెరిచింది. 2019లో ఇక్కడి లామింగ్టన్ నేషనల్ పార్కు అంచున బిన్నా బర్రా లాడ్జిని కాల్చేసిన కార్చిచ్చు కూడా అంతే. మంటలు నమిలిన అంచుల్లోకి లాంటానా అనే కలుపు పొద చొరబడుతుంది. మన నల్లమలలో పాకిన లాంటానాయే అది.

కొత్తవాళ్ల కొంప ముంచేది ఇక్కడే. పాత మ్యాపులో చుక్కల గీత కనిపిస్తే దాని మీదుగా పోతే సులువనుకుంటారు. ఒకప్పుడు కలప లాగిన దారులు, వదిలేసిన బాటలు అంటే వెలుతురు పడేలా తెరిచిన చాళ్లే కదా. పాతికేళ్లు ఎవరూ నడవకపోతే అడవి మొత్తంలో అన్నిటికంటే చిక్కని చోటు అదే అవుతుంది. పక్కనే పది మీటర్ల అవతల, ముదురు చెట్ల నీడలో హాయిగా నడవచ్చు. అందుకే ముందుకు చూసేటప్పుడు చూపు నేల మీద కంటే పైన ఉండాలి. ఎదుట ఆకుల మధ్య తెల్లగా ఆకాశం పెద్ద ముక్కగా కనిపిస్తోందా, చుట్టు తిరిగి పొండి. యాభై మీటర్ల చుట్టు దారి అరగంట గింజులాట కంటే చవక.

ముళ్ల తీగల్లో పెద్దన్న లాయర్ వైన్. మన కుర్చీలు అల్లే పేము, బడిపంతులు బెత్తం ఏ జాతి నుంచి వచ్చాయో, అదే కాలమస్ జాతి. వేలెడు లావు కూడా లేని కాండం చుట్టూ సూదుల్లాంటి ముళ్లు. అసలు ప్రమాదం వాటితో కాదు. ఆకుల దగ్గర నుంచి కొరడాల్లాంటి సన్నని తీగలు మీటర్ల కొద్దీ వేలాడతాయి. వాటికి అంగుళానికి ఒకచోట చిన్న కొక్కేలు, అన్నీ వెనక్కి వంగి ఉంటాయి. చెట్టుకు పట్టి పైకి పాకడానికి తీగకు అవి కావాలి. మనం ముందుకు నడుస్తుంటే అవే చొక్కాకు, చెవికి, పెదవికి తగులుకుంటాయి. ముందుకు లాగినకొద్దీ ఇంకా లోతుగా దిగుతాయి. తగలగానే ఆగాలి, ఒక అడుగు వెనక్కి వేయాలి, బిగువు వదిలాక కొక్కేన్ని వచ్చిన దిక్కుకే తప్పించాలి. వెనకాల ఉన్నవాళ్లకు రెండు మీటర్ల ఎడం ఉండాలి, లేకపోతే మీరు విడిచిన కొరడా వాళ్ల ముఖానికే.

కత్తి తెచ్చుకుంటే పోలేదా అనిపిస్తుంది. నేషనల్ పార్కులో మొక్కలు నరకడం నేరం. అదలా ఉంచితే, తీగలన్నీ పైనెక్కడో ఒకదానికొకటి ముడిపడి బిగువుగా ఉంటాయి. ఒకటి తెగితే పై గుట్టంతా నెత్తిన పడుతుంది. కత్తికి బదులు మందమైన ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, తోలు గ్లవ్స్, బూట్ల మీంచి మోకాళ్ల దాకా తొడిగే గెయిటర్లు, కళ్లద్దాలు ఉండాలి. బ్యాగు తల కంటే ఎత్తుండకూడదు. పరుపు చాపను బయట కట్టుకుంటే మొదటి గంటలోనే పీలికలవుతుంది. వేలాడే పట్టీలన్నీ టేపుతో అంటించెయ్యాలి.

వెలుతురు పడ్డ ఖాళీల్లో రెండో ముప్పు కుట్టే చెట్లు. వీటిలో జెయింట్ స్టింగింగ్ ట్రీ నలభై మీటర్ల దాకా ఎదుగుతుంది. అంత పెద్ద చెట్టుతో మనకు పేచీ లేదు, దాని ఆకులు అందవు. నడుము ఎత్తు మొలకలే ప్రమాదం. గుండె ఆకారపు వెడల్పాటి ఆకులు, అంచుల్లో రంపపు పళ్లు, పురుగులు తిన్న చిల్లులు, మెత్తని నూగు. ఆ నూగు నిజానికి సిలికాతో గట్టిపడిన బోలు సూదులు. తగలగానే కొన విరిగి విషం ఎక్కుతుంది. ఆ విషం ఏమిటన్నది చాలాకాలం సరిగా తేలలేదు. 2020లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అది చిన్న ప్రోటీన్ల గుంపు అని కనుక్కుని, వాటికి జింపియెటైడ్స్ అని పేరు పెట్టారు. నరాల కణాల్లో సోడియం లోపలికి వెళ్లే ద్వారాలను ఇవి మూసుకోనివ్వవు. నొప్పి సంకేతం ఆగకుండా పోతూనే ఉంటుంది. ముడిపడిన ఆ అణువుల ఆకారం సాలీళ్ల విషాన్ని, శంఖు నత్తల విషాన్ని పోలి ఉండటం విచిత్రం. సూదులు చర్మంలో ఉండిపోతే వారాలు, నెలల తర్వాత కూడా చన్నీళ్లు తగలగానే నొప్పి తిరగబెడుతుంది. రుద్దితే సూదులు విరిగి లోపలే ఉండిపోతాయి. వెంట్రుకలు పీకే వ్యాక్స్ స్ట్రిప్‌లు అంటించి ఒక్క లాగు లాగడం మేలు, కాబట్టి నాలుగు స్ట్రిప్‌లు మందుల డబ్బాలో ఉండాలి. పక్కనే పెరిగే కుంజెవాయ్ అనే మొక్క దుంప రసం రాయమని పాతకాలపు చిట్కా ఒకటుంది. అది పనిచేయదు సరికదా, ఆ రసమే చర్మాన్ని మండిస్తుంది.

ఇక దారి. ఈ పీఠభూమి, దాదాపు 2.3 కోట్ల ఏళ్ల క్రితం పేలిన ట్వీడ్ అగ్నిపర్వతపు ఉత్తర భుజం. లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. గట్టి పొర అంచున కొండ నిటారుగా తెగుతుంది, మెత్తని పొర మీద మెట్టులా పరుచుకుంటుంది. మ్యాపులో ఎత్తు గీతల మధ్య అంతరం 10 లేదా 20 మీటర్లు. ఎనిమిది మీటర్ల కొండ తెగు ఆ రెండు గీతల మధ్య దాక్కుంటుంది, కాగితం మీద కనబడదు. మనిషి పడితే చావడానికి ఎనిమిది మీటర్లు చాలు. వాగులు ఈ మెట్ల మీద నుంచి జలపాతాలుగా దూకుతాయి. అందుకే ‘దారి తప్పితే వాగు పట్టుకుని కిందికి పో’ అన్న సలహా ఇక్కడ ప్రాణాంతకం.

దానికి సాక్ష్యం 1937 నాటిది. ఆ ఏడాది ఫిబ్రవరి 19న బ్రిస్బేన్ నుంచి సిడ్నీ వెళ్తున్న స్టిన్సన్ విమానం తుపాను గాలుల్లో ఈ కొండల్లో కూలింది. ఏడుగురిలో నలుగురు అప్పుడే పోయారు. బతికిన ముగ్గురిలో వెస్ట్రే అనే యువకుడు సాయం కోసం క్రిస్మస్ క్రీక్ వెంట కిందికి దిగుతూ, ఒక జలపాతం దగ్గర జారిపడి చనిపోయాడు. అతడు కొండలెక్కడం తెలిసినవాడే. గాలింపు ఎక్కువగా సముద్ర తీరం వెంటే సాగింది. స్థానికుడు బెర్నార్డ్ ఓ'రైలీ మాత్రం విమానం వెళ్లాల్సిన గీతను మ్యాపు మీద గీసి, కొండల మీదుగా ఒంటరిగా బయలుదేరాడు. దూరాన పచ్చని అడవిలో కాలి గోధుమరంగు తిరిగిన ఒక చెట్టును గుర్తుపట్టి, మిగిలిన ఇద్దరినీ ప్రాణాలతో కనుక్కున్నాడు. అతడు నడిచింది వాగుల వెంట కాదు, ఎక్కువగా గట్ల మీద, అంటే కొండల వెన్నుల మీదే.

గట్ల మీద ఎక్కేటప్పుడు తప్పిపోవడం కష్టం, పక్క గట్లన్నీ పైకి వచ్చి కలుస్తాయి. దిగేటప్పుడు ప్రతి గట్టూ చీలుతుంది, తప్పులన్నీ అక్కడే. చీలిక కనపడగానే దిక్సూచి తీయాలి. ఈ ప్రాంతంలో అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి సుమారు 11 డిగ్రీలు తూర్పున ఉంటుంది. దాన్ని సరిచేసుకోకపోతే కిలోమీటరులో 190 మీటర్లు పక్కకు పోతారు, అంటే పక్క గట్టు మీద తేలతారు. తడిసిన ఆకుల కప్పు జీపీఎస్ సంకేతాలను మింగేస్తుంది, మిగిలినవి కొండలకు తగిలి తిరిగొచ్చి స్థానాన్ని పదుల మీటర్లు తప్పుగా చూపిస్తాయి. ఇలాంటి చోట గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే ఆల్టిమీటర్ ఎక్కువ నమ్మకమైనది, ఆకులు దానికి అడ్డం కావు. తెలిసిన శిఖరం మీద ఎత్తు సరిచేసుకోవడం మాత్రం మరవొద్దు, ఎందుకంటే వాతావరణం మారి ఒక మిల్లీబార్ పీడనం తగ్గినా ఎనిమిది తొమ్మిది మీటర్లు ఎక్కువ చూపిస్తుంది.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నడకకు అనువు. జూన్‌లో పొద్దు ఆరున్నర దాటాక పొడిచి, సాయంత్రం ఐదుకే కుంగుతుంది. చెట్ల కింద నాలుగున్నరకే చీకటి. ఏడున్నరకు కదిలి మూడున్నరకు ఆగితే ఎనిమిది గంటలు. విశ్రాంతికి, దారి వెతకడానికి గంటన్నర తీసేస్తే మిగిలేది ఆరున్నర గంటలు. అంటే బాట లేని చోట రోజుకు ఐదారు కిలోమీటర్లకు మించి రాసుకోకూడదు. ఒంటి గంటకు సగం కూడా కాకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. చీకట్లో టార్చి వెలుగులో ముళ్ల తీగ, మామూలు తీగ ఒకేలా ఉంటాయి.

గట్టు మీద నీళ్లుండవు. రాత్రి వంటకు, పొద్దుటికి, మర్నాడు వాగు దొరికే దాకా మనిషికి నాలుగైదు లీటర్లు చివరి వాగు దగ్గరే నింపుకోవాలి. అంటే వీపు మీద మరో ఐదు కిలోలు. ఇది భారమనుకుని రెండు లీటర్లతో ఎక్కినవాళ్లే రాత్రిపూట కొండ తెగుల మధ్య వాగు వెతుక్కుంటూ దిగుతారు. నిప్పు రాజేయకూడదు, గ్యాస్ స్టవ్ వాడాలి. పార్కు అనుమతి ముందే తీసుకోవాలి. డేరా వేసే ముందు తలెత్తి ఎండు కొమ్మలు చూడాలి. శీతాకాలపు రాత్రి చలి సున్నా దగ్గరికి రావచ్చు, తడి బట్టలతో పడుకుంటే నిద్ర ఉండదు.

జలగలు చిరాకు మాత్రమే, గోటితో గీకితే ఊడతాయి. పిడుదులతో జాగ్రత్త. తూర్పు తీరంలో ఉండే పక్షవాతపు పిడుదు లాలాజలంలో విషం ఉంటుంది. దాని కాటు తర్వాత కొందరికి మేక, గొడ్డు మాంసం పడకుండా పోవడం కూడా నమోదైంది. పట్టకారుతో నొక్కి పీకితే దాని లాలాజలంలోని విషం మన ఒంట్లోకి ఇంకా ఎక్కవచ్చు. ఈథర్ స్ప్రేతో అది ఉన్నచోటే గడ్డకట్టించి చంపాలి, మరీ చిన్నవైతే పర్మెత్రిన్ క్రీము రాయాలి.

పాము కాటుకు పది సెంటీమీటర్ల వెడల్పు సాగే బ్యాండేజీలు రెండు ఉండాలి. కాటుపడ్డ కాలిని మొదలు దాకా పొడవునా వాటితో చుట్టి బిగించి, మనిషిని కదలనివ్వకుండా ఉంచాలి. అప్పుడు సాయం మన దగ్గరికే రావాలి కాబట్టి ఉపగ్రహాల ద్వారా ఆపద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ లేకుండా ఈ అడవిలో బాట వదలడం తెలివితక్కువ. దాన్ని ఆకాశం ఎక్కువ కనిపించే చోట పెట్టాలి. రోజంతా తప్పించుకు తిరిగిన ఖాళీలు ఆ ఒక్క అవసరానికి పనికొస్తాయి. ఇంటికి చేరాక బట్టలను ఉతకకముందే ఇరవై నిమిషాలు వేడి డ్రైయర్‌లో తిప్పండి. ఉతుకుకు చావని పిడుదులు పొడి వేడికి చస్తాయి.