జాతీయ చలనచిత్ర అవార్డులు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఎడిటింగ్ పని చేసుకుంటూ, చిన్న సినిమాలు తీసే యువకులకు అవార్డుల దరఖాస్తుల్లో సాయపడే నాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: ఉత్తమ తెలుగు చిత్రానికే మిగతా అవార్డులూ వస్తాయి.

వాస్తవం: ఒక్కో విభాగాన్ని విడిగా చూస్తారు. 2021 చిత్రాలకు ఇచ్చిన 69వ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం ‘ఉప్పెన’ కాగా, ఉత్తమ గీత రచయిత పురస్కారం ‘కొండపొలం’లోని ‘ధంధంధం’ పాటకు, ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగెలో పుట్టిన చంద్రబోస్‌ను వరించింది. 2023 చిత్రాలకు ఇచ్చిన 71వ అవార్డుల్లో ‘భగవంత్ కేసరి’ ఉత్తమ తెలుగు చిత్రమైతే, గీత రచన పురస్కారం ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు మన కాసర్ల శ్యామ్ అందుకున్నారు. ఈ పురస్కారం భాషకొకటి ఉండదు. అన్ని భాషల పాటలతోనూ పోటీపడాల్సిందే.

అవార్డంటే తారలదే అనుకునేవారు బి.నర్సింగరావు ‘దాసి’ని గుర్తుచేసుకోవాలి. 36వ అవార్డుల్లో అది ఉత్తమ తెలుగు చిత్రం. అర్చన ఉత్తమ నటి. వారితో పాటు ఛాయాగ్రాహకుడు ఎ.కె.బీర్, దుస్తులు రూపొందించిన సుదర్శన్, దొరల గడీ వాతావరణాన్ని తెరపైకి తెచ్చిన కళాదర్శకుడు తోట వైకుంఠం కూడా విజేతలే. వైకుంఠం ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన చిత్రకారుడు. నా దృష్టిలో ఈ అవార్డుల అసలు విలువ ఇలాంటి పేర్లలోనే ఉంది.

అపోహ: విజేత ఎవరో వేదికపై కవరు తెరిచాకే తెలుస్తుంది.

వాస్తవం: నామినేషన్లే ఉండవు. 71వ అవార్డుల విజేతలను 2025 ఆగస్టు 1న ప్రకటించారు. సెప్టెంబరు 23న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రదానం చేశారు. ఏం కట్టుకోవాలో ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది.

అపోహ: థియేటర్లలో ఆడిన సినిమాలకే అర్హత.

వాస్తవం: లెక్కలోకి వచ్చేది సెన్సార్ సర్టిఫికెట్ తేదీ. మరాఠీ చిత్రం ‘కోర్ట్’ను 2015 మార్చిలో ఉత్తమ చిత్రంగా ప్రకటించారు, అది విడుదలైంది ఏప్రిల్‌లో.

అపోహ: ప్రభుత్వమే అన్ని సినిమాలూ చూసి ఎంపిక చేస్తుంది.

వాస్తవం: నిర్మాత ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో సహా దరఖాస్తు పంపితేనే కథా చిత్రం ముందుగా ప్రాంతీయ జ్యూరీకి, అక్కడ నెగ్గితే కేంద్ర జ్యూరీకి చేరుతుంది. సాంకేతిక నిపుణుడు ఎంత గొప్పగా పనిచేసినా, నిర్మాత పంపని సినిమాను జ్యూరీ చూడదు. అందుకే పారితోషికం మాట్లాడుకునే రోజే, దరఖాస్తు సంగతీ టైటిల్స్‌లో తమ పేరు పడే తీరూ కాగితంపై రాయించుకోవాలని మా ఎడిటింగ్, కెమెరా కుర్రాళ్లకు చెబుతుంటాను.