వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు సిలబస్ తెరవండి

సీతమ్మధార,
విశాఖపట్నం.

పిల్లలూ,

ఇంటర్ అయిపోయింది, ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) ర్యాంకులూ చేతికొచ్చాయి. ఇప్పుడు మీ ఇళ్లలో పొద్దున లేస్తే ఒకటే చర్చ: ఏ కాలేజీ, ఏ బ్రాంచ్? మీలో చాలామందికి ప్రోగ్రామర్ అవ్వాలని ఉంది. దానికి సీఎస్ఈ తప్ప దారి లేదా, ఏఐ అని పేరున్న బ్రాంచ్ అయితే ఇంకా మంచిదా, ఈసీఈ వస్తే ఏం చెయ్యాలి, బీఎస్సీ చదివితే నామోషీయా అని అడుగుతున్నారు. నేను ఈ సబ్జెక్టే ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి. నాకు తెలిసింది రాస్తున్నాను, అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించండి.

ముందే సూటిగా చెప్పేస్తాను. మీ ర్యాంకుకి మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ గానీ, ఐటీ గానీ వస్తుంటే అదే తీసుకోండి. రాకపోతే మాత్రం ఆ పేరు కోసం ఇంట్లోవాళ్ల చేత తలకు మించిన అప్పు చేయించి మేనేజ్‌మెంట్ సీటు కొనిపించకండి. ఆ నాలుగేళ్లలో నేర్పే అసలు సరుకు ఏమిటో తెలిస్తే, ఏ బ్రాంచ్‌లో ఉన్నా దాన్ని సంపాదించుకోవచ్చు.

ఆ సరుకు పైథానో జావానో కాదు. ఒక లాంగ్వేజ్ నేర్చుకోవడానికి కొన్ని నెలలు చాలు. అసలైనవి ఈ సబ్జెక్టులు: డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్ అండ్ అల్గారిథమ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (అంటే డేటాబేస్‌ల పాఠం), కంప్యూటర్ నెట్‌వర్క్స్. ఇవి ఎందుకో రెండు ఉదాహరణలు చెబుతాను.

3 లక్షల హాల్ టికెట్ నంబర్లున్న జాబితాలో మీ నంబరు వెతకాలి. మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, మీ నంబరు చివర్లో ఉంటే 3 లక్షల సార్లు పోల్చాలి. అదే జాబితా వరుస క్రమంలో ఉంటే, సరిగ్గా మధ్యలో ఉన్న నంబరు చూడండి. మీది దానికన్నా పెద్దదైతే ముందు సగం అక్కర్లేదు. మిగిలిన సగంలో మళ్లీ మధ్యది చూడండి. ఇలా సగం సగం కొట్టేసుకుంటూ పోతే మహా అయితే 19 సార్లు చూస్తే తేలిపోతుంది. జాబితా 6 లక్షలైతే ఎన్నిసార్లు? ఇంకొక్కటి ఎక్కువ, అంటే 20. ఈ లెక్క తెలిసినవాడు రాసిన ప్రోగ్రామ్ రిజల్ట్స్ రోజు కూడా నిలబడుతుంది. అల్గారిథమ్స్ క్లాసులో నేర్పేది ఇదే.

రెండోది. కంప్యూటర్ దొరికితే పైథాన్‌లో 0.1 + 0.2 ఎంతో అడిగి చూడండి. 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. యంత్రం పాడవ్వలేదు. అది అంకెల్ని రెండు ఆధారంగా, అంటే సున్నాలు ఒకట్లతో దాచుకుంటుంది. మన దశాంశ పద్ధతిలో 1/3 ఎలా తెగకుండా సాగుతుందో, ఆ పద్ధతిలో 0.1 అలా సాగుతుంది. ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. అందుకే డబ్బు లెక్కలు రాసేవాళ్లు రూపాయల్ని దశాంశాల్లో కాకుండా పైసలుగా మార్చి పూర్ణసంఖ్యల్లో పెట్టుకుంటారు. కంప్యూటర్ ఆర్గనైజేషన్ శ్రద్ధగా చదివినవాడికి ఇది చూడగానే తడుతుంది. మిగతావాళ్లకి లెక్క తేడా వచ్చిన రోజు అర్ధరాత్రి దాకా టెన్షన్.

ఇక బ్రాంచ్ పేర్ల సంగతి. సీఎస్ఈ పక్కన ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని తగిలించిన సీట్లు ఇప్పుడు బోలెడు. పేరు చూసి మంచీ చెడూ చెప్పలేం. మన ఆంధ్రా యూనివర్సిటీలో ఈ విభాగం పేరు కంప్యూటర్ సైన్స్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్; పేరు కొంచెం వేరైనా అది కంప్యూటర్ సైన్సే. అటానమస్ కాలేజీలు ఎవరి సిలబస్ వాళ్లే వేసుకుంటాయి. కాబట్టి కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ బ్రాంచ్ సిలబస్ తెరిచి, నేను పైన చెప్పిన సబ్జెక్టులన్నీ ఉన్నాయా, ఏఐ పేపర్ల కోసం వీటిలో దేన్నైనా తీసేశారా, ల్యాబులు ఎన్ని ఉన్నాయి, ఈ మూడూ చూడండి. అన్నీ ఉంటే నిశ్చింతగా చేరండి. ఏఐ నిజంగా ఇష్టమైతే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ గట్టిగా చదవాలి. ఎంపీసీ అయిపోయింది కదా, ఇక మ్యాథ్స్ పీడ వదిలింది అనుకునేవాళ్లకి ఆ బ్రాంచ్ కష్టం.

వేరే బ్రాంచ్ వచ్చినవాళ్లకి ఒక పెద్దమనిషి గురించి చెప్పాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పూర్తి చేశారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ చదివి 1966లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. ఏఐలో చేసిన కృషికి 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. సత్య నాదెళ్ల గారు మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్. అయితే వీళ్ల పేర్లు చెప్పుకుని ఏ బ్రాంచ్ అయినా ఒకటేలే అనుకోకండి. రాజ్ రెడ్డి గారు సివిల్ చదివేనాటికి కంప్యూటర్ సైన్స్ అనే డిగ్రీ మన దేశంలో లేదు. పైగా ఇద్దరూ తర్వాత కంప్యూటర్ సైన్స్‌ని కాలేజీలో కూర్చుని క్రమంగా చదివినవాళ్లే.

సీఎస్ఈకి ఉన్న సౌకర్యాన్ని దాచను. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో కొన్ని అన్ని బ్రాంచ్‌లనూ కూర్చోనిస్తాయి, కొన్ని మాత్రం సీఎస్ఈ, ఐటీ వాళ్లనే పిలుస్తాయి, ఇంకొన్ని ఈసీఈని కలుపుకుంటాయి. మెకానికల్, సివిల్ పిల్లలకి ఆ గేటు దగ్గర ఇబ్బంది ఉంటుంది. చేరబోయే కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మైనర్, అంటే మీ బ్రాంచ్‌తో పాటు పక్క సబ్జెక్టుగా, ఇస్తారేమో అడగండి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) పద్ధతిలో అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే డిగ్రీ మీద మైనర్ అని వేస్తారు. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఆన్‌లైన్‌లో ఎన్‌పీటెల్‌లో ఉచితంగానే వినొచ్చు. ఈసీఈ, ఈఈఈ వాళ్లకైతే సొంత దారే ఉంది. మన స్టీల్ ప్లాంట్ లాంటి చోట మోటార్లూ వాల్వులూ ఎప్పుడు కదలాలో ఎప్పుడు ఆగాలో చెప్పేది పీఎల్‌సీలో, అంటే యంత్రాల్ని నడిపే చిన్న కంప్యూటర్‌లో, ఎవరో రాసిన ప్రోగ్రామే. అదీ ప్రోగ్రామింగే. దానికి కరెంటూ తెలియాలి, కోడూ తెలియాలి.

బీఎస్సీ, బీసీఏల గురించి నామోషీ మాట ఇంకెప్పుడూ అనకండి. డిగ్రీలో కంప్యూటర్స్ మేజర్‌గా చదివి, ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంసీఏ చేస్తే మొత్తం ఐదేళ్లు. ఇంజనీరింగ్ ఫీజు భారమయ్యే ఇంట్లో ఇది గౌరవమైన దారి. మ్యాథ్స్ లేదా స్టాటిస్టిక్స్ బాగా వచ్చినవాళ్లకి ఇంకా మంచిది. ఐఐటీ మద్రాసు వాళ్ల డేటా సైన్స్ బీఎస్ కూడా ఉంది. జేఈఈ అక్కర్లేదు, వాళ్లు పెట్టే క్వాలిఫయర్ పాసైతే చాలు, ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చు.

ఇంకో మాట ఊళ్లో బాగా వినిపిస్తోంది: గూగుల్ వస్తోంది కదా, అందరినీ సీఎస్ఈలో వేసేద్దాం అని. 2025 అక్టోబరులో విశాఖకి అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించారు, సంతోషమే. కానీ అక్కడికి రాబోయేది ప్రధానంగా డేటా సెంటర్. దాన్ని నడపాలంటే కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ తెలిసినవాళ్లు కావాలి. అది చూసి బ్రాంచ్ ఎంచుకునేవాళ్లకి సీఎస్ఈ ఎంతో, ఎలక్ట్రికల్, మెకానికల్ కూడా అంతే.

ఏఐ వచ్చాక ప్రోగ్రామర్లు ఎందుకని మీ నాన్నలు అడుగుతున్నారు. ఏఐ కోడ్ గబగబా రాసిస్తుంది, నిజమే. అది రాసింది సరైనదా, 3 లక్షల మంది ఒకేసారి వస్తే నిలుస్తుందా, పైసా తేడా వస్తుందా అన్నది చూసి చెప్పగలిగే మనిషి కావాలి. అందుకే ఆ సబ్జెక్టులు ఇదివరకటికన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం.

ఆప్షన్లు పెట్టేటప్పుడు భయపడి తక్కువ కాలేజీని పైన పెట్టకండి. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ జాబితా పైనుంచి చూసుకుంటూ వస్తారు, ఖాళీ ఉన్న మొదటి సీటు మీకిస్తారు. మొదటిది దక్కనంత మాత్రాన రెండోది చేజారదు. నిజంగా ఇష్టమైన వరుసలోనే పెట్టండి, ఫ్రీజ్ చేసే ముందు కాలేజీ కోడూ బ్రాంచ్ కోడూ ఇంకొకరి చేత చదివించి సరిచూసుకోండి.

ఆ లోపు ఒక పని చేయండి. ఇంట్లో కరెంటు బిల్లు తీసి, యూనిట్లు ఇస్తే ఎంత కట్టాలో చెప్పే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాయండి. స్లాబుల రేట్లు ముందు తెలుసుకోండి. మొదటిసారి మీ లెక్కా బిల్లూ కలవవు. ఫిక్స్‌డ్ చార్జీలు మరిచిపోయి ఉంటారు, లేదంటే స్లాబు మారే అంచున ఒక యూనిట్ అటో ఇటో పడి ఉంటుంది. ఆ తేడా ఎక్కడుందో పట్టుకునేదాకా అన్నం మాట గుర్తురాని వాళ్లుంటారు, పావుగంటకే విసుగొచ్చి లేచిపోయేవాళ్లూ ఉంటారు. మీరు ఎవరో తెలుసుకుని, ఆ సంగతి అమ్మానాన్నలకి దాచకుండా చెప్పి, అప్పుడు ఆప్షన్ల ముందు కూర్చోండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న