వంద ఆంపియర్ల బ్రేకర్ ఎండాకాలం వంద కాదు

సిరొంచ, అంకీసా వైపు మే నెల మధ్యాహ్నం. బయట 45 డిగ్రీలు. రైస్ మిల్లు రేకుల షెడ్డులో, పడమటి గోడకు బిగించిన ప్యానెల్ బోర్డు లోపల 60 ఉన్నా ఆశ్చర్యం లేదు. పొద్దుటి నుంచి బాగానే నిలిచిన ఎంసీసీబీ (లోడు మించితే కరెంటును తనే ఆపే పెద్ద బ్రేకర్) రెండింటికల్లా ట్రిప్ అవుతుంది. మోటార్లు అవే, లోడూ అదే. బ్రేకర్ పాడైందనుకుని 100 తీసి 160 పెట్టేస్తారు. ట్రిప్ ఆగుతుంది. ఇక కాలే వంతు కేబుల్‌ది.

థర్మల్ రకం ఎంసీసీబీలో రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. కరెంటు వేడికి అది వంగి గొళ్లెం విడిపిస్తుంది. దాన్ని తయారీలోనే ఒక ఉష్ణోగ్రతకు సరిచేస్తారు: చాలావాటిలో 40 డిగ్రీలు, కొన్నిటిలో 50. చుట్టూ గాలే 60 ఉంటే పట్టీ ముందే కొంత వంగి కూర్చుంటుంది. 40కి సరిచేసిన 100 ఆంపియర్ల బ్రేకర్ అప్పుడు మోయగలిగేది, మోడల్‌ను బట్టి, 85 నుంచి 90. ఆ పట్టిక కంపెనీ కేటలాగులోనే ఉంటుంది. కొనేటప్పుడు అడిగేవాళ్లే తక్కువ.

లెక్క చూద్దాం. మొత్తం 60 హెచ్‌పీ మోటార్లు, 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.85, మోటారు సామర్థ్యం 90 శాతం అనుకుంటే సుమారు 81 ఆంపియర్లు. కాగితం మీద 100 చాలు; మే నెలలో అంచు మీద నడక. ఇక్కడ 125 తీసుకుని థర్మల్ డయల్ (పట్టీ ఎంత కరెంటు దాటితే వంగాలో పెట్టే మీట) 0.9 దగ్గర, అంటే 112 దగ్గర పెట్టడం మేలు. ఒక్కటే షరతు: వేడికి, పక్కపక్కన పరిచినందుకు తగ్గించి చూసినా కేబుల్ 112 మోయాలి.

160 ఎందుకు ప్రమాదమో ప్రమాణాలే చెబుతాయి. ఐఎస్/ఐఈసీ 60947-2 ప్రకారం 63 ఆంపియర్లు దాటిన బ్రేకర్ 1.3 రెట్ల కరెంటుకు రెండు గంటల లోపు ట్రిప్ అయితే సరిపోతుంది. 160కి అది 208 ఆంపియర్లు. వందకు వేసిన కేబుల్ అంతసేపు ఎలా తట్టుకుంటుంది?

అసలు బ్రేకర్ మార్చే ముందు లగ్గులు, అంటే కేబుల్ కొసకు నొక్కి బిగించే లోహపు తొడుగులు చూడాలి. అల్యూమినియం కేబుల్‌కు బైమెటాలిక్ (అల్యూమినియం, రాగి కలిసిన) లగ్ లేకపోయినా, నొక్కిన బిగింపు వదులైనా ఆ టెర్మినల్ కాగి, వేడి నేరుగా పట్టీకి ఎక్కుతుంది. లోడు మీద మూడు ఫేజుల టెర్మినళ్లను ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే దొంగ దొరుకుతాడు. బిగించడం మాత్రం సరఫరా ఆపాకే.

షార్ట్ సర్క్యూట్‌ను తెంచే సామర్థ్యం కిలో ఆంపియర్లలో (కేఏ) రాస్తారు. 100 కేవీఏ, 433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి కరెంటు 133 ఆంపియర్లు, ఇంపీడెన్స్ (కరెంటుకు దాని లోపలి అడ్డు) 4.5 శాతమైతే దాని టెర్మినళ్ల దగ్గర షార్ట్ కరెంటు 3 కిలో ఆంపియర్లకు దగ్గర. కాబట్టి 10 కేఏ బ్రేకర్ ధారాళంగా చాలు, 36కి డబ్బు పోయడం దండగ. అదే 500 కేవీఏ ఐతే దాదాపు 15 కేఏ వస్తుంది. అక్కడ 10ది పగిలిపోవచ్చు. చూడాల్సింది ఐసీయూ (Icu, గరిష్ఠంగా తెంచగల షార్ట్ కరెంటు) ఒక్కటే కాదు, ఐసీఎస్ (Ics, తెంచాక కూడా బ్రేకర్ వాడకానికి నిలిచే షార్ట్ కరెంటు) కూడా. ఐసీయూ పరీక్ష దాటిన బ్రేకర్ మళ్లీ వాడకానికి పనికొస్తుందన్న హామీ లేదు.

ఎవరూ పట్టించుకోనిది దూరపు పంపు. 300 మీటర్ల 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ చివర ఫేజు న్యూట్రల్‌కు తగిలితే, రానూ పోనూ 1.15 ఓమ్‌ల అడ్డు. వచ్చేది 210 ఆంపియర్లు మించదు. మెయిన్‌లోని 125 బ్రేకర్‌లో షార్ట్‌కు క్షణంలో తెంచే అయస్కాంత ట్రిప్ పది రెట్లకు, అంటే 1250కి పెట్టి ఉంటే దానికి అది షార్టే కాదు. థర్మల్ పట్టీ వంగేదాకా నిమిషాల తరబడి కేబుల్ కాగుతూనే ఉంటుంది. అందుకే ఆ పంపుకు వెళ్లే లైను మొదట్లో దాని మోటారుకు తగ్గ 25 లేదా 32 ఆంపియర్ల విడి బ్రేకర్ ఉండాలి. ముందున్న ఎర్ర ట్రిప్ బటన్ నొక్కి చూసి నిశ్చింతగా ఉండకండి. అది గొళ్లెం కదులుతుందా అని మాత్రమే చెబుతుంది. పట్టీ సంగతి దానికి తెలియదు.