బస్సు ఎగిరితే నమ్మాం, మరి లాజిక్ ఎక్కడ అడుగుతాం?

1994లో వచ్చిన ‘స్పీడ్’ సినిమాలో ఒక సిటీ బస్సు కింద బాంబు ఉంటుంది. వేగం గంటకు 50 మైళ్లు దాటాక మళ్లీ తగ్గితే పేలిపోతుంది. దారిలో ఇంకా కడుతున్న ఫ్లైఓవర్ వస్తుంది, మధ్యలో 50 అడుగుల మేర రోడ్డే లేదు. బస్సు ఆ ఖాళీ మీదుగా ఎగిరి అవతల దిగుతుంది.

బస్సు 70 మైళ్ల వేగంతో ఉందనుకుందాం, అంటే సెకనుకు 31 మీటర్లు. 50 అడుగులు దాటడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులోనే భూమి బస్సును మీటరుకు పైగా కిందికి లాగేస్తుంది. రోడ్డు రెండు వైపులా ఒకే ఎత్తులో ఉంటే బస్సు ముందు భాగం వెళ్లి అవతలి కాంక్రీటు అంచుకు గుద్దుకోవాలి. షూటింగులో బస్సును నిజంగానే ఎగరనిచ్చారు, కాకపోతే ర్యాంపు మీద నుంచి. రోడ్డులోని ఖాళీని తర్వాత కంప్యూటర్‌లో సృష్టించారు.

ఆ సీన్ ఎన్నిసార్లు చూసినా నాకు టెన్షనే తప్ప అనుమానం రాలేదు. విసిరిన వస్తువుల కదలికను ఊహించడంలో మన మనసు చాలా బలహీనం. 1983లో మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ మెక్‌క్లాస్కీ బృందం చేసిన ప్రయోగాల్లో, నడుస్తున్న మనిషి చేతిలోంచి జారిన బంతి తిన్నగా కిందికే పడుతుందని చాలామంది అనుకున్నారు. నిజానికి అది ముందుకు సాగుతూ పడుతుంది. తుపాకీ దెబ్బకు విలన్ గాల్లోకి ఎగిరిపడినా ఇందుకే ఒప్పుకుంటాం. 8 గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో వచ్చి 70 కిలోల మనిషి ఒంట్లో ఆగిపోతే, అతనికి వచ్చే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లే!

కానీ మనుషుల విషయంలో మనం ఇంత తేలిగ్గా మోసపోం. మెక్‌క్లాస్కీ పరిశోధన వచ్చిన ఆ 1983లోనే హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లలకు ఒక కథ చెప్పారు. మ్యాక్సీ అనే పిల్లాడు చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. అతను లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక మ్యాక్సీ ఎక్కడ వెతుకుతాడు? మరీ చిన్నపిల్లలు ఇప్పుడు చాక్లెట్ ఉన్న చోటే చూపిస్తారు. కాస్త ఎదిగాక, మ్యాక్సీకి ఆ సంగతి తెలియదు కదా అని గుర్తించి మొదటి అల్మారా చూపిస్తారు. ఎవరికి ఏం తెలుసు, ఏం తెలియదు అనే ఈ లెక్కను అప్పటి నుంచి రోజూ, ఇంట్లోనూ వీధిలోనూ వేస్తూనే ఉంటాం. అలవాటైన లెక్క కాబట్టి తప్పు వెంటనే దొరికిపోతుంది.

యాక్షన్ సినిమాల్లో నన్ను నిజంగా బాధపెట్టే లోపాలు ఇక్కడివే. హీరో ఎక్కడ దాక్కున్నాడో విలన్‌కు ఎవరూ చెప్పలేదు, అయినా నేరుగా అక్కడికే వస్తాడు. ‘వాడికెలా తెలిసింది?’ అని పక్క సీట్లోంచి వినిపిస్తుంది. ఆ ప్రశ్న పుట్టిందంటే తర్వాతి ఫైట్ ఎంత బాగా తీసినా మనసు అందులో ఉండదు.

‘స్పీడ్’ రచయిత ఈ ప్రశ్ననే కథలో వాడుకున్నాడు. బస్సు నడుపుతున్న ఆనీ ఒంటి మీద అరిజోనా యూనివర్సిటీ స్వెటర్ ఉంటుంది. ఆ యూనివర్సిటీ జట్ల పేరు వైల్డ్‌క్యాట్స్. ఫోన్‌లో మాట్లాడుతూ విలన్ ఆమెను ‘వైల్డ్‌క్యాట్’ అంటాడు. ఆమె వేసుకున్నదేంటో వాడికెలా తెలిసిందని హీరోకు వెలుగుతుంది, బస్సులో కెమెరా ఉందని అర్థమవుతుంది. ఆ వీడియోలోని ఒక ముక్కను రికార్డు చేయించి, విలన్ టీవీలో అదే మళ్లీ మళ్లీ వచ్చేలా చేస్తారు. తెర మీద ప్రయాణికులు సీట్లలోనే కూర్చుని ఉంటారు. నిజానికి ఆ ప్రయాణికులు ఒక్కొక్కరుగా పక్కన వస్తున్న బండిలోకి మారిపోతుంటారు. చాక్లెట్ ఇంకా మొదటి అల్మారాలోనే ఉందనుకునే మ్యాక్సీలా విలన్ ఆ టీవీనే చూస్తూ ఉంటాడు.