‘ఎవరైనా’ అన్న మాట పోయిన చోటు

ఫలానా డాక్టర్ రిజిస్ట్రేషన్ ఆరు నెలలు సస్పెండ్ అని పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. రెండు నెలలు తిరక్కుండానే అదే క్లినిక్ ముందు అదే బోర్డు, అదే రిజిస్ట్రేషన్ నంబరు. ఢిల్లీలోని నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ)కు అప్పీలు చేసుకుని తెచ్చుకున్నారట అని తెలుస్తుంది. సస్పెన్షన్ చాలదని, లేదా అసలు శిక్షే వేయలేదని రోగి కుటుంబం అదే ఢిల్లీకి కాగితం పంపితే మాత్రం, అప్పీలు చేసే హక్కు మీకు లేదని జవాబు వచ్చిన సందర్భాలున్నాయి. ఇలాంటి గొడవ రేగినప్పుడల్లా డాక్టర్లు డాక్టర్లనే కాపాడుకుంటారన్న మాట దగ్గరే చర్చ ఆగిపోతుంది. ముడి అంతకంటే చిన్నది. 2004లో చేర్చిన ఒక నిబంధన అప్పీలుకు ‘ఎవరైనా’ రావచ్చంది. 2019 చట్టం అదే చోట ‘వైద్యుడు’ అంది.

1956 నాటి మెడికల్ కౌన్సిల్ చట్టం, దాని కింద దేశంలో వైద్య వృత్తిని నియంత్రించిన మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఎంసీఐ) మీద వచ్చిన ఆరోపణలు, 2018 సెప్టెంబరులో దాన్ని పక్కనపెట్టి గవర్నర్ల బోర్డును కూర్చోబెట్టడం అందరికీ తెలిసినవే. వాటిని మళ్లీ తిరగేయక్కర్లేదు.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. డాక్టర్ పేరు రిజిస్టర్లోంచి పోవడానికి ఒక్క దారి కాదు, కనీసం మూడున్నాయి. మొదటిది రెన్యువల్. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలు ఐదేళ్లలో 30 గంటల సీఎంఈ, అంటే చదువు కొనసాగింపు కార్యక్రమాలు, పూర్తి చేయమంటాయి. గడువు దాటినవాళ్లు అపరాధ రుసుము కట్టి, సీఎంఈ సర్టిఫికెట్లు పెట్టి సరిచేసుకుంటారు. ఇందులో తప్పొప్పుల ప్రసక్తి లేదు. కానీ ‘రిజిస్ట్రేషన్ లేని డాక్టర్’ అన్న హెడ్డింగులో ఈ బాపతు వాళ్లూ కలిసిపోతుంటారు.

రెండోది లింగ నిర్ధారణ నిషేధ చట్టం. 1994 నాటి ఈ చట్టం 23(2) సెక్షన్‌లో డాక్టర్ల రిజిస్టర్ చూసే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు తర్జనభర్జనలకు పెద్దగా చోటివ్వలేదు. కోర్టు అభియోగాలు నమోదు చేస్తే కేసు తేలేదాకా సస్పెన్షన్. నేరం రుజువైతే మొదటిసారి ఐదేళ్లు, మళ్లీ దొరికితే శాశ్వతంగా తొలగింపు. శిక్ష కొలత చట్టంలోనే రాసి ఉంది కాబట్టి దీని మీద వాదన తక్కువ.

గొడవంతా మూడో దారిలో ఉంది. అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన లేదా నిర్లక్ష్యం మీద రోగి తరఫువాళ్లు చేసే ఫిర్యాదు. ఇది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు అఫిడవిట్‌తో వెళ్తుంది. దానికి కేసు షీట్, డిశ్చార్జి సమ్మరీ, పరీక్షల రిపోర్టులు జతచేయాలి. చాలా ఫిర్యాదులు నీరుగారేది ఇక్కడే, కేసు షీట్ చేతిలో లేక. 2002 నిబంధనల ప్రకారం రికార్డు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి. అడిగినా ఇవ్వకపోవడం దానంతట అదే దుష్ప్రవర్తన, చికిత్సలో తప్పు తేలకపోయినా దీని మీద చర్య తీసుకోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు రికార్డు కోసం నోటిమాటగా అడగరు. దరఖాస్తు ఇచ్చి, తేదీతో ఎక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకుంటారు. మూడేళ్లు దాటాక అడిగితే ఈ ఆయుధం పనిచేయదు.

డాక్టర్‌కు నోటీసు, ఆయన జవాబు, తర్వాత ఎథిక్స్ కమిటీ ముందు విచారణ. స్వయంగా గానీ వకీలు ద్వారా గానీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా శిక్ష వేయకూడదు. చికిత్సలో నైపుణ్యం ఉందా లేదా అన్నది తోటి వైద్యుల బృందమే తేల్చాలి. ఆరు నెలల్లో నిర్ణయం రావాలి. ఆరు నెలలన్నది కాగితం మీద మాట అని కౌన్సిల్ మెట్లెక్కినవాళ్లెవరైనా చెబుతారు.

2004 నాటి నిబంధన వచ్చింది ఆ జాప్యంలోంచే. అప్పటిదాకా 1956 చట్టం 24వ సెక్షన్ ప్రకారం పేరు తొలగించబడ్డ డాక్టర్ మాత్రమే పైకి వెళ్లగలడు, అదీ కేంద్ర ప్రభుత్వానికి. ఫిర్యాదుదారుకు పై మెట్టు అన్నదే లేదు. రాష్ట్ర కౌన్సిల్ ఫిర్యాదును ఏళ్ల తరబడి పక్కనపెట్టినా అడిగేవాడు లేడు. దీని మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచింది. ఆ పోరాటంతో ముడిపడ్డ సంస్థ ‘పీపుల్ ఫర్ బెటర్ ట్రీట్‌మెంట్’. భార్య అనురాధను 1998లో కోల్పోయిన డాక్టర్ కుణాల్ సాహా పెట్టిన సంస్థ అది. అనురాధ మరణం మీద నడిచిన కేసే తర్వాత 2009లో సుప్రీంకోర్టులో నిర్లక్ష్యంగా రుజువై, 2013 అక్టోబరులో దాదాపు 6 కోట్ల పరిహారానికి, వడ్డీతో కలిపి 11 కోట్ల పైచిలుకుకు చేరింది.

వ్యాజ్యం ఫలితంగా 2004 మే 27న గెజిట్‌లో రెండు క్లాజులు వచ్చాయి. 8.7 ప్రకారం ఆరు నెలల్లో తేల్చకపోతే ఎంసీఐ రాష్ట్ర కౌన్సిల్‌కు గడువు పెట్టవచ్చు, లేదా ఫిర్యాదును తనే తీసుకోవచ్చు. 8.8 ప్రకారం రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయంతో నష్టపోయిన ఏ వ్యక్తి అయినా ఉత్తర్వు అందిన 60 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. సరైన కారణం చూపిస్తే మరో 60 రోజుల ఆలస్యాన్ని మన్నించవచ్చు. ‘ఏ వ్యక్తి అయినా’ అంటే డాక్టరూ, రోగీ. శిక్ష ఎక్కువైందని ఆయన, తక్కువైందని ఈయన, ఒకే బల్ల ముందు నిలబడే ఏర్పాటు.

ఇందులో ఒక లోపం మొదటి నుంచీ ఉంది, అప్పుడెవరూ పట్టించుకోలేదు. 8.8 చట్టంలోది కాదు, నిబంధనల్లోది. చట్టం మారితే దాని కాళ్ల కింద నేల పోతుంది.

పోయింది కూడా. ఎంసీఐ స్థానంలో కమిషన్‌ను తెచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టానికి 2019 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. 2020 సెప్టెంబరు 25న అమల్లోకి వచ్చింది. దాని 30(3) సెక్షన్‌లో అప్పీలు చేసేవారి పేరు స్పష్టంగా ఉంది. రాష్ట్ర కౌన్సిల్ చర్యతో బాధపడ్డ ‘మెడికల్ ప్రాక్టీషనర్ లేదా ప్రొఫెషనల్’. ఆయన కమిషన్ కిందే ఉండే ఎథిక్స్ అండ్ మెడికల్ రిజిస్ట్రేషన్ బోర్డుకు వెళ్లవచ్చు. అక్కడా ఓడితే 30(4) కింద 60 రోజుల్లో కమిషన్‌కే రెండో అప్పీలు. డాక్టర్‌కు ఒక మెట్టు పెరిగింది, రోగికి ఉన్న మెట్టు ఊడింది. పార్లమెంటులో ఆ బిల్లు మీద జరిగిన గొడవంతా ఎంబీబీఎస్ చివర పెట్టదలచిన నెక్స్ట్ పరీక్ష గురించి, డాక్టర్లు కాకున్నా పరిమితంగా వైద్యం చేయనిచ్చే కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ల గురించి. ‘ప్రాక్టీషనర్’, ‘ప్రొఫెషనల్’ అన్న రెండు పదాలు ఆ రొదలో వినపడలేదు.

రోగుల తరఫు వాదనకు బలం లేకపోలేదు. అదే చట్టం 61వ సెక్షన్ పాత నిబంధనలు కొత్తవి వచ్చేదాకా కొనసాగుతాయంటోంది. అంటే 2002 నిబంధనలు బతికే ఉన్నాయి, వాటిలోని 8.8 కూడా. 30(3) డాక్టర్‌కు హక్కు ఇచ్చిందే గానీ మిగతావాళ్లకు లేదని ఎక్కడా రాయలేదు. పైగా పాత చట్టంలోనూ అప్పీలు డాక్టర్‌కే ఉండేది, అయినా 8.8 పదహారేళ్లు పనిచేసింది. అప్పుడు చెల్లిన నిబంధన ఇప్పుడెందుకు చెల్లదు? దీనికి ఎన్‌ఎంసీ వైపు జవాబు ఒక్కటే, నిబంధన చట్టాన్ని దాటి హక్కు ఇవ్వలేదని. ఆ మాట మీదే రోగుల అప్పీళ్లు వెనక్కి వెళ్లాయి.

డాక్టర్ల సంఘాల వాదన ఇంకోలా ఉంటుంది. రోగికి వినియోగదారుల కమిషన్ ఉంది, సివిల్ కోర్టు ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది. రిజిస్ట్రేషన్ మీద దెబ్బ అంటే బతుకుతెరువు మీద దెబ్బ, కాబట్టి అప్పీలు దెబ్బ తిన్నవాడికే ఉండాలి అని. వినడానికి బాగుంది. కానీ వినియోగదారుల కమిషన్ డబ్బు ఇప్పిస్తుంది, రిజిస్టర్లో పేరు జోలికి పోదు. ఆ పని చేయగలిగింది కౌన్సిల్ ఒక్కటే.

సరిదిద్దే ప్రయత్నం జరగలేదని కాదు. 2022 డిసెంబరులో ఆరోగ్య శాఖ సవరణ బిల్లు ముసాయిదా పెట్టింది, అందులో రోగులకు, బంధువులకు అప్పీలు హక్కు ప్రతిపాదన ఉంది. 2023 ఆగస్టు 2న ఎన్‌ఎంసీ కొత్త ప్రవర్తన నిబంధనలు తెచ్చింది. మందులు జెనరిక్ పేర్లతోనే రాయాలన్న షరతు మీద డాక్టర్ల సంఘాలు భగ్గుమన్నాయి. మూడు వారాలకే, ఆగస్టు 23న, ఆ నిబంధనలన్నిటినీ నిలిపివేసి 2002 నిబంధనలే అమల్లో ఉంటాయని ప్రకటించారు. జెనరిక్ మందుల గొడవలో 8.8 అలా ఇంకోసారి ప్రాణం పోసుకుంది, పైనున్న 30(3) మాత్రం అలాగే ఉంది.

ఇక ఉత్తర్వు చేతికొచ్చాక ఏం జరుగుతుందో చూస్తే ఈ తేడా ఎంత పనిచేస్తుందో తెలుస్తుంది. తెలిసిన వకీలు ముందు చివరి పేజీ తిప్పుతాడు. ఏ క్లాజు ఉల్లంఘన అని రాశారు? అది మొదటి నోటీసులో ఉందా? నోటీసులో నిర్లక్ష్యం అని పిలిచి, ఉత్తర్వులో రికార్డులు సరిగా రాయలేదని శిక్షిస్తే అప్పీలులో అదొక్కటే చాలు కొట్టేయడానికి. కారణాలు రాశారా, లేక ‘ఇరుపక్షాలనూ విని’ అని ఒక్క వాక్యంతో తేల్చేశారా? నిపుణుడి అభిప్రాయం సంబంధిత స్పెషాలిటీ వారిదేనా? ప్రసవం కేసుకు జనరల్ సర్జన్ అభిప్రాయం ఉంటే ఆ ఉత్తర్వు ఎంతో కాలం నిలవదు. నిజంగా తప్పు జరిగిన కేసులు కూడా ఇలాంటి కాగితం పొరపాట్ల మీదే ఓడిపోతుంటాయి. ఆ పొరపాట్లు చేసేది కౌన్సిల్, నష్టపోయేది ఫిర్యాదుదారు.

తర్వాత తేదీ. సస్పెన్షన్ ఉత్తర్వు తేదీ నుంచా, అందిన తేదీ నుంచా? అది రాయకపోతే తగాదా ఖాయం. పేరు రిజిస్టర్లో లేని రోజుల్లో ప్రాక్టీస్ చేస్తే ఎన్‌ఎంసీ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ రోజుల్లో సంతకం పెట్టిన మెడికల్ సర్టిఫికెట్ కూడా చెల్లదు.

ఆ తర్వాత చూడాల్సిన లైను, పునరుద్ధరణది. నిబంధన 8.3 ప్రకారం, నిర్ణీత కాలానికి తొలగిస్తే, ఆ కాలం ముగిశాక పేరు తిరిగి చేర్చాలని కౌన్సిల్ ఆదేశించవచ్చు. ‘ఆదేశించవచ్చు’ అన్న మాటను గమనించాలి. ఆ లైను ఉత్తర్వులో లేకపోతే, గడువు తీరిన మర్నాడే పేరు దానంతట అది వెనక్కి రాదు, డాక్టర్ మళ్లీ కౌన్సిల్ గడప ఎక్కాలి. మధ్యలో ఐదేళ్ల రెన్యువల్ గడువు కూడా దాటిపోయి ఉంటే అది వేరే పని. రెండు రాష్ట్రాల్లో రిజిస్టరైన డాక్టర్‌కు రెండో రాష్ట్రం రిజిస్టర్లో ఏముందో కూడా చూసుకోవాలి.

అప్పీలు వేసినంత మాత్రాన సస్పెన్షన్ ఆగదు. స్టే విడిగా అడగాలి. మూడు నెలల సస్పెన్షన్‌లో అప్పీలు విచారణకు వచ్చేసరికి శిక్షాకాలమే అయిపోతుంది. అందుకని డాక్టర్ల వకీళ్లు హైకోర్టులో రిట్ వేసి స్టేకు పరుగెడతారు. క్లినిక్ బోర్డు కదలకుండా ఉండటానికి అసలు కారణం చాలాసార్లు ఈ స్టేనే, నిర్దోషి అని తేలడం కాదు. పేపరు వార్త ఈ రెండిటినీ ఒక్కలాగే రాస్తుంది.

అప్పీలు దారి మూసుకుంటే ఫిర్యాదుదారుకు మిగిలేదీ హైకోర్టే. అక్కడ చికిత్స సరైనదా కాదా అని మళ్లీ మొదటి నుంచి విచారించరు. కౌన్సిల్ పద్ధతి పాటించిందా, కారణాలు రాసిందా అన్నంతవరకే చూస్తారు. గెలిస్తే ఉత్తర్వు రద్దయి, తాజాగా విచారించమని ఫైలు వెనక్కి వెళ్తుంది. ఎక్కడికంటే, మొదట తోసిపుచ్చిన అదే రాష్ట్ర కౌన్సిల్ ఎథిక్స్ కమిటీకి.